లేని కుక్కకి అన్నం: తొమ్మిదేళ్ల పాప మొదటి నైట్ స్టే కేసు

ఆగస్టు చివర్లో ఒక శనివారం సాయంత్రం వైజాగ్ ఎంవీపీ కాలనీ నుంచి ఒకావిడ మా కౌన్సెలింగ్ క్లినిక్‌కి వచ్చారు. పాపని తీసుకురాలేదు. "పాపకి ఏమీ లేదు మేడమ్, సమస్య నాదే అనుకుంటా" అంటూ హ్యాండ్‌బ్యాగ్‌లోంచి నాలుగు మడతలు పెట్టిన కాగితం తీశారు. రూళ్ల కాగితం, రెండు వైపులా రాసి ఉంది. లెక్కపెడితే 23 ప్రశ్నలు.

పాప నాలుగో తరగతి. ప్రాణ స్నేహితురాలు పీఎం పాలెంలో, ఒక అపార్ట్‌మెంట్ ఆరో అంతస్తులో ఉంటుంది. దసరా సెలవుల్లో ఆ అమ్మాయి పుట్టినరోజు. నలుగురు పిల్లలు ఆ రాత్రి అక్కడే పడుకుని పొద్దున టిఫిన్ తిని ఇళ్లకు వెళ్లాలని ప్లాను. ఈ పాప తన ఇంట్లో క్యాలెండర్ మీద ఆ తేదీ చుట్టూ ఎర్ర స్కెచ్‌పెన్‌తో గుండ్రం చుట్టేసింది. తల్లి "చూద్దాంలే" అన్నారు. మన ఇళ్లలో చూద్దాంలే అంటే ఏంటో తొమ్మిదేళ్ల పిల్లకి కూడా తెలుసు. మూడు రోజులు అమ్మతో మాట్లాడలేదు.

(వాళ్లు ఒప్పుకున్నాకే ఇది రాస్తున్నాను. గుర్తుపట్టే వివరాలు మార్చాను, పేర్లు అసలు పెట్టలేదు.)

తండ్రి మర్చంట్ నేవీలో ఇంజినీరు, ఏడాదిలో సగం ఓడ మీదే. ఆవిడ బ్యాంకు ఉద్యోగి. ఇంట్లో నాయనమ్మ ఉన్నారు. తండ్రి వీడియో కాల్‌లో "పంపించు, ఏం కాదు" అనేశారు. నాయనమ్మ "ఆడపిల్లని రాత్రిపూట పరాయి ఇంట్లో పడుకోబెట్టడమేంటి, మా ఇంటా వంటా లేదు" అన్నారు. రెండింటి మధ్యా ఈవిడ నలుగుతున్నారు. సముద్రం మీద ఉన్న మనిషికి ఏం కాదు అనడం సులువు. పొద్దున లేచి జవాబు చెప్పుకోవాల్సింది ఇంట్లో ఉన్న మనిషి.

కాగితంలో అన్నీ కలగలిసి ఉన్నాయి. బాల్కనీకి గ్రిల్ ఉందా. ఆ రోజు ఇంట్లో మగవాళ్లు ఎవరెవరు ఉంటారు. స్విమ్మింగ్ పూల్ రాత్రి తాళం వేస్తారా. టాబ్‌లో ఏం చూస్తారు. తుఫాను వస్తే? ఈ ప్రశ్న దగ్గర నేను ఆగాను. "హుద్‌హుద్ వచ్చినప్పుడు దీనికి రెండు నెలలు మేడమ్. కిటికీ అద్దాలు పగిలి పడుతుంటే వంటింటి గట్టు కింద పెట్టుకు కూర్చున్నాను" అన్నారు. 2014 అక్టోబరు 12 వైజాగ్‌లో ఉన్నవాళ్లెవరూ ఆ ప్రశ్నకి నవ్వరు. ఆ కిందే ఇంకోటి: "నేను లేకుండా నిద్ర పట్టక ఏడిస్తే?"

మొదటి పనిగా పెన్ను ఆవిడ చేతికే ఇచ్చాను. ఫోన్ చేసి అడిగితే జవాబు దొరికేవాటికి టిక్కు పెట్టమన్నాను, ఎవర్ని అడిగినా జవాబు రానివి వదిలేయమన్నాను. తొమ్మిదింటికి టిక్కులు పడ్డాయి. "మరి ఈ తొమ్మిదీ ఇప్పటిదాకా ఎందుకు అడగలేదు?" అంటే, "అలా అడిగితే వాళ్లని అనుమానించినట్టు ఉండదూ?" అన్నారు.

నేను చూసినంతలో ఎక్కువ మంది తల్లిదండ్రులు ఇక్కడే ఇరుక్కుంటారు. అడగడానికి మొహమాటం, అడక్కపోతే భయం. మొహమాటం గెలిస్తే అయితే పిల్లని పంపకుండా ఏదో సాకు చెప్తారు, లేకపోతే పంపేసి రాత్రంతా జాగారం చేస్తారు. ఆవిడతో ఒక వాక్యం కలిసి తయారుచేశాం, రెండుసార్లు పైకి అనిపించాను కూడా: "మా పాపకి ఇదే మొదటిసారండీ, నాకు కాస్త టెన్షన్‌గా ఉంది, నాలుగు సంగతులు అడుగుతాను, ఏమీ అనుకోకండి." తప్పు మన టెన్షన్ మీద వేసుకుంటే అవతలివాళ్లకి గుచ్చుకోదు.

సెషన్ అయిపోయింది. ఆవిడ లేచి, బ్యాగు తగిలించుకుని, తలుపు గడియ మీద చెయ్యి వేసి ఆగారు.

"ఇంకోటి మేడమ్. అది ఇప్పటికీ పక్క తడుపుతుంది. రోజూ రాత్రి రెండింటికి నేనే లేపి బాత్రూంకి తీసుకెళ్తాను. అక్కడ ఎవరు లేపుతారు?"

23 ప్రశ్నల్లో ఇది లేదు. ఈ వృత్తిలో ఉన్నవాళ్లకి తెలిసిందే, అసలు మాట తలుపు దగ్గరే వస్తుంది. బయట కూర్చున్న వాళ్లకి క్షమాపణ చెప్పి, ఆవిడని మళ్లీ కూర్చోబెట్టాను.

పాప ఎప్పుడూ వరసగా ఆరు నెలలు పొడిగా ఉన్నది లేదు. పగటిపూట ఏ ఇబ్బందీ లేదు. మూడేళ్ల నుంచి ఆవిడ అలారం పెట్టుకుని రెండింటికి లేస్తున్నారు. ఈ సంగతి భర్తకి కొంత తెలుసు, బయట ఎవరికీ తెలియదు. "ఎవరికీ చెప్పొద్దు" అని పాపకీ గట్టిగా చెప్పి ఉంచారు.

పాపని రెండో వారం చూశాను. హుషారైన పిల్ల. బడికి ఏడవకుండా వెళ్తుంది, స్విమ్మింగ్ క్లాసుకి ఒక్కతే వ్యానెక్కుతుంది, అమ్మకి ఏదో అయిపోతుందన్న పీడకలలు లేవు, విడిగా ఉండాల్సి వస్తే కడుపునొప్పి తలనొప్పి అనదు. తల్లి పక్కనే పడుకుంటుంది, నిజమే. కానీ మన ఇళ్లలో తొమ్మిదేళ్ల పిల్ల అమ్మ పక్కన పడుకోవడాన్ని జబ్బు లక్షణంగా రాస్తే విశాఖపట్నం సగం నా రిజిస్టర్‌లో ఉండాలి. సెపరేషన్ యాంగ్జైటీ, అంటే అమ్మని విడిచి ఉండాలంటే వచ్చే అతి ఆందోళన, అనడానికి ఏమీ కనిపించలేదు. "అక్కడికి వెళ్తే ఏది భయం?" అని అడిగితే పాప చెప్పింది ఒక్కటే: "నా ఫ్రెండ్స్‌కి తెలిసిపోతుందని."

పక్క తడపడం ఎంత మామూలో తల్లిదండ్రులకి తెలియదు, ఎందుకంటే ఎవరూ బయటికి చెప్పుకోరు. 5 ఏళ్ల వయసులో 100 మందికి 15 మంది దాకా తడుపుతారు, 10 ఏళ్లకి 5గురు. ఏ మందూ లేకుండానే ఏటా వాళ్లలో 15 శాతం మందికి తగ్గిపోతుంది. అంటే వాళ్ల క్లాసులో నలభై మంది ఉంటే ఇంకొకరో ఇద్దరో ఇదే గుట్టు దాచుకుని ఉంటారు. ఇది కుటుంబాల్లో వస్తుంటుంది కూడా. ఇంట్లో ఎవరికైనా ఉండేదా అని కనుక్కోమన్నాను. నాయనమ్మని అడిగితే ఆవిడ తాపీగా "మీ ఆయనకి పన్నెండేళ్లదాకా ఉండేది, రోజూ పరుపు డాబా మీద ఎండబెట్టేదాన్ని" అన్నారట. పదకొండేళ్ల కాపురంలో ఈవిడకి ఈ ముక్క తెలియదు. ఆ వారం ఓడ మీద నుంచి తండ్రి పాపతో విడిగా మాట్లాడారు. ఏం చెప్పారో నేను అడగలేదు. తర్వాతి సెషన్‌కి పాప వస్తూనే "మా డాడీక్కూడా!" అంది, డాడీకి ఏదో ప్రైజు వచ్చినట్టు.

పిల్లల డాక్టరు దగ్గరికి పంపాను. మూత్రపరీక్షలో ఇన్ఫెక్షన్ లేదు, షుగర్ లేదు. మలబద్ధకం మాత్రం బాగా ఉంది. నిండిన పేగు మూత్రాశయాన్ని నొక్కుతుంది, అది సరిచేయకుండా మిగతావి చేసి లాభం లేదు. ఇంకో సంగతి పాప నోటి నుంచి వచ్చింది. బళ్లో బాత్రూం కంపు కాబట్టి పగలంతా నీళ్లు తాగదు. లీటరు బాటిల్ ఎలా వెళ్లిందో అలాగే తిరిగొస్తుంది. సాయంత్రం ఇంటికొచ్చి, ఈత అయ్యాక, రాత్రి తొమ్మిది లోపల దాహమంతా తీర్చుకుంటుంది. ఈ ఒక్క వరస తిరగెయ్యడానికి మూడు వారాలు పట్టింది. బడిలో మధ్యాహ్నం లోపు సగం బాటిల్, ఇంటికి రాగానే మిగతాది, రాత్రి అన్నం తర్వాత రెండు గుక్కలు. క్లాస్ టీచరుతో తల్లి మాట్లాడి, స్టాఫ్ వైపు బాత్రూంకి వెళ్లడానికి అనుమతి తీసుకున్నారు.

రెండింటికి లేపడం ఆపమన్నాను. ఆవిడకి ఇది అన్నిటికంటే కష్టమైంది. నిద్రలో ఉన్న పిల్లని మోసుకెళ్లి కూర్చోబెడితే ఆ రాత్రి పరుపు తడవకపోవచ్చు. కానీ మూత్రాశయం నిండిందన్న కబురుకి లేవాల్సింది పాప. ఇక్కడ లేస్తున్నది అమ్మ. లేపడం వల్ల శాశ్వతంగా తగ్గదని బ్రిటన్‌లోని నైస్ సంస్థ మార్గదర్శకాల్లోనూ ఉంది. రెండు వారాలు లేపకుండా, ఒక నోటుబుక్కులో తడి పొడి రాయమన్నాను, పాప చేతే. 14 రాత్రుల్లో 5 తడి.

"అంతేనా?" అన్నారు ఆవిడ. లేపకపోతే రోజూ తడుస్తుందనే అనుకుంటున్నారు మూడేళ్లుగా. తొమ్మిది రాత్రులు ఎవరూ లేపకుండానే పొడిగా ఉన్న పిల్ల ఆవిడ ఇంట్లోనే ఉంది, ఆవిడకి తెలియదు.

ఈలోగా ఆవిడ, పాప స్నేహితురాలి తల్లికి ఫోన్ చేసి తొమ్మిది ప్రశ్నలూ అడిగారు. అవతలావిడ ఏమీ అనుకోలేదు సరికదా, "మీరు అడిగారు కాబట్టి చెప్తున్నా, ఆ రోజు మా తమ్ముడు కూడా ఉంటాడు, హాల్లో పడుకుంటాడు" అన్నారు. ఇదొక నిజమైన సమాధానం, దీనికి నిజమైన ఏర్పాటు కావాలి. పిల్లలు నలుగురూ లోపలి బెడ్‌రూంలో, అవతలావిడ కూడా అదే గదిలో చాప వేసుకుని పడుకునేలా అనుకున్నారు. ఆ తమ్ముడి మీద ఎవరికీ ఏ అనుమానమూ లేదు. అనుమానం ఉంటేనే ఏర్పాటు చేసుకోవాలనుకోవడమే పొరపాటు.

నాయనమ్మతో మాట్లాడాల్సింది ముందే, ఆలస్యం చేశాను. ఆవిడ చెప్పింది వింటే నవ్వొచ్చింది. వేసవి సెలవులొస్తే పిల్లలందరినీ అనకాపల్లి దగ్గర ఊళ్లో వదిలేసేవారట. డాబా మీద పదిహేను మంది, ఎవరి పిల్లలు ఎవరి పక్కలో ఉన్నారో తెల్లారితే గానీ తెలిసేది కాదు. "మరి అది నైట్ స్టే కాదా అమ్మా?" అంటే "వాళ్లు మనవాళ్లు" అన్నారు. పిల్లలపై లైంగిక నేరాల కోసం తెచ్చిన 2012 నాటి పోక్సో చట్టం కింద నమోదయ్యే కేసుల్లో నిందితులు చాలావరకు పిల్లలకు తెలిసినవాళ్లే, బంధువులూ ఇరుగుపొరుగూ. చుట్టాలిల్లయితే అడగక్కర్లేదు, స్నేహితులిల్లయితే పంపక్కర్లేదు అనే లెక్క రెండు వైపులా తప్పు. ఆవిడ ఒప్పుకోలేదు. కానీ "ఆ పిల్ల తల్లి అదే గదిలో పడుకుంటుందంటే సరే" అన్నారు, నాకు అది చాలు.

పాపతో ఒంటి గురించి మాట్లాడాం. ఎవరు ముట్టుకోకూడదు, ఎక్కడ, నచ్చకపోతే ఎవరికి చెప్పాలి. అమ్మ నంబరు, పిల్లల హెల్ప్‌లైన్ 1098 నోటికి వచ్చు. ఇదంతా బళ్లో ఒకసారి విన్నదే, గబగబా అప్పజెప్పింది. "ఎవరైనా ఇది మన సీక్రెట్, అమ్మకి చెప్పొద్దు అంటే?" అన్నాను. "చెప్పేస్తా." ఒక్క క్షణం ఆగి, "మరి అమ్మ కూడా ఎవరికీ చెప్పొద్దందిగా?" అంది.

పక్కనే కూర్చున్న తల్లి ముఖం చూసి నేనే తల తిప్పుకున్నాను. పెద్దవాళ్లం సిగ్గునీ రహస్యాన్నీ ఒకే మూట కట్టి పిల్లల చేతిలో పెడతాం. ఆ రోజు తేల్చుకున్నదేంటంటే, ఇది పాప సొంత సంగతి, ఎవరికి చెప్పాలో పాపే చెప్తుంది. పాప కాసేపు వేళ్లు లెక్కపెట్టుకుని "ఆంటీకి చెప్పొచ్చు, ఫ్రెండ్స్‌కి వద్దు" అంది. తల్లి చెప్పినప్పుడు ఆ ఆంటీ, అంటే స్నేహితురాలి తల్లి, "తడిస్తే దుప్పటి మారుస్తాం, అంతే కదండీ" అన్నారట.

కోడ్ మాట కూడా పాపే ఎంచుకుంది. వచ్చి తీసుకెళ్లు అని అందరి ముందూ అనలేనప్పుడు ఫోన్లో ఏమనాలి? "మన కుక్కకి అన్నం పెట్టారా?" అనాలి. వాళ్లింట్లో కుక్క లేదు.

ఇప్పుడు నా పొరపాటు. పీఎం పాలెం కంటే ముందు గాజువాకలో పిన్ని ఇంట్లో ఒక రాత్రి ఉంచి చూద్దామన్నది నేను. అది బాగానే ఉంది. రాత్రి తొమ్మిదిన్నరకి తల్లిని ఒకసారి ఫోన్ చేయమన్నదీ నేనే. ఆవిడ ధైర్యం కోసం. అప్పటికి పాప పిన్ని కొడుకుతో క్యారమ్స్ ఆడుతోంది. తల్లి ఫోన్ చేసి "బాగున్నావా? భయం వేస్తోందా? నిద్ర పడుతుందా?" అని మూడు ప్రశ్నలు వరసగా అడిగారు. పాప గొంతు మారింది. అప్పటిదాకా గుర్తులేని అమ్మ గుర్తొచ్చింది, అప్పటిదాకా రాని భయం పేరు పెట్టి పిలిస్తే వచ్చింది. "అమ్మా, మన కుక్కకి అన్నం పెట్టారా?"

ఆవిడ క్యాబ్ ఎక్కి గాజువాక వెళ్లారు. పదకొండున్నరకి పాప ఇంట్లో ఉంది. నేను ముందే చెప్పి ఉంచింది ఒక్కటి బాగా పనికొచ్చింది: కోడ్ మాట వింటే ప్రశ్నల్లేవు, తిట్లు లేవు, "నీకోసం ఇంత దూరం వచ్చా" అనే మాట అసలే లేదు. పిల్లకి ఐస్‌క్రీం కొనివ్వాలని కూడా కాదు, మామూలుగా తీసుకొచ్చి పడుకోబెట్టాలి.

మర్నాడు ఆవిడ నా దగ్గర ఏడ్చారు. పాప గురించి కాదు. ఆరో తరగతిలో ఆవిడని గుంటూరు వైపు ఒక రెసిడెన్షియల్ స్కూల్లో వేశారు. పచ్చరంగు ట్రంకుపెట్టె, మూత మీద తెల్ల పెయింటుతో పేరు. వాళ్ల నాన్న "బిస్కెట్లు కొనుక్కొస్తా, ఇక్కడే కూర్చో" అని వెళ్లి బస్సెక్కేశారు. ఆవిడ ఆ పెట్టె మీద చీకటి పడేదాకా కూర్చున్నారు. మరి అప్పట్లో అందరిదీ అదే పద్ధతి. చెప్పి వెళ్తే పిల్ల ఏడుస్తుందని చెప్పకుండా వెళ్లడం. ఆ నాన్నగారు చెడ్డవారు కాదు. ఇన్‌ల్యాండ్ లెటర్లో "వచ్చి తీసుకెళ్లండి" అని రాస్తే వార్డెన్ చదివి చింపేసేదట.

"నిన్న రాత్రి క్యాబ్‌లో కూర్చుని ఏమనుకున్నారు?" అని అడిగాను.

"అది పిలిచింది, నేను వెళ్తున్నాను అనుకున్నా మేడమ్."

నేను ఆ రాత్రిని ఫెయిల్యూర్ అని నోట్సులో రాసుకున్నాను. పాప అలా అనుకోలేదు. తర్వాతి సెషన్లో "కుక్క మాట పనిచేస్తుంది ఆంటీ" అంది, కొత్త రిమోట్ టెస్ట్ చేసినట్టు. నోట్సు దిద్దుకున్నాను.

డాక్టరు పుట్టినరోజు రాత్రి ఒక్కదాని కోసం డెస్మోప్రెసిన్ అనే, రాత్రి మూత్రం తక్కువ తయారయ్యేలా చేసే మాత్ర రాశారు, ముందు ఇంట్లో వాడి చూడమన్నారు. అది వేసుకున్న రాత్రి నీళ్లు ఎక్కువ తాగకూడదు, ఒంట్లో సోడియం పడిపోతుంది, పుట్టినరోజు పార్టీలో కూల్‌డ్రింకుల మధ్య పాపని ఎవరు కాపలా కాయాలి అన్నది ఒక బెంగ. రెండు రాత్రులు వాడితే తలనొప్పి వచ్చింది, డాక్టరే ఆపేశారు. చివరికి సాదా ఉపాయమే మిగిలింది. నైట్‌ప్యాంటు లోపల వేసుకునే ప్యాడ్ నిక్కరు, బ్యాగులో ఇంకో జత, ఒక నల్ల కవరు. బాత్రూంలో మార్చుకోవడం ఇంట్లో నాలుగుసార్లు లైటు లేకుండా ప్రాక్టీస్ చేసింది, స్టాప్‌వాచ్ పెట్టుకుని మరీ.

ఫోన్ నియమం తిప్పేశాం. తల్లి చేయకూడదు, పాప చేస్తే ఎత్తాలి. ఆంటీ రాత్రి పడుకునే ముందు వాట్సాప్‌లో ఒక్క మెసేజ్ పెడతారు.

పుట్టినరోజు నాడు వాయుగుండం వల్ల సాయంత్రం నుంచి ముసురు. ఆవిడ స్కూటీ మీద హనుమంతవాక, జూ, ఎండాడ మీదుగా పాపని దింపి, రెయిన్‌కోటు విప్పకుండా గుమ్మంలోనే "రేపు తొమ్మిదింటికి వస్తా" అని చెప్పి వచ్చేశారు. టైము చెప్పి రావాలన్నది ఆవిడే పెట్టుకున్న నియమం. రాత్రి పన్నెండుంబావుకి మెసేజ్: "ఇంకా పడుకోలేదు, నవ్వుతూనే ఉన్నారు."

మర్నాడు పాప స్కూటీ వెనక కూర్చుని చెప్పిన వార్తల వరస తల్లి నాకు యథాతథంగా చెప్పారు. కేకు మీద క్రీం ఎక్కువైంది. ఒక ఫ్రెండు గురక పెడుతుంది. వాళ్ల ఇడ్లీ మన ఇడ్లీలా ఉండదు. తెల్లవారుజామున తడిసింది, మార్చుకున్నా. ఆ మామయ్య మ్యాజిక్ చేస్తాడు, కానీ నాణెం ఎక్కడ దాస్తాడో నాకు కనిపించేసింది.

నవంబరు నుంచి తడి అలారం, అంటే తడి తగలగానే మోగేది, వాడుతున్నారు. అది మంత్రం కాదు, రెండు మూడు నెలలు ఓపిక పట్టాలి, మొదటి వారాల్లో అలారానికి ఇల్లంతా లేచి పాప మాత్రం లేవదు. ఈ ఇంట్లోనూ అదే అయింది, నాయనమ్మ అలారాన్ని తిట్టని రోజు లేదు. మలబద్ధకం తగ్గింది. జనవరికి వారానికి ఒకటి, ఒక్కోవారం అదీ లేదు. వరసగా 14 రాత్రులు పొడిగా ఉండేదాకా కొనసాగించాలని అనుకున్నాం. పాప ఇప్పుడు నాయనమ్మ గదిలో పడుకుంటోంది.

పీఎం పాలెం రాత్రి మీరెలా గడిపారని తల్లిని చివరి సెషన్లో అడిగాను.

"ఒంటిగంటకి పడుకున్నా. అలారం పెట్టుకోకపోయినా అలవాటు కొద్దీ రెండింటికి మెలకువ వచ్చేసింది. లేచి లైటు వేశా. పక్కన మంచం ఖాళీ. ఒక నిమిషం అలాగే నిలబడ్డా, ఎవర్ని లేపాలో తెలియక." నవ్వారు. "సరే, లేచానుగా అని నేనే బాత్రూంకి వెళ్లొచ్చి పడుకున్నా."